పాతదా, కొత్తదా? ముందు చేతిలో పనుందో లేదో చూసుకోండి

మొన్న డిసెంబరులో మా అమ్మకి కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు టీవీ తగ్గించమని డాక్టరు చెబితే, అమ్మ దాన్ని పూర్తిగా మానెయ్యమన్నట్టే తీసుకుంది. నల్లద్దాలు పెట్టుకుని, వాలు కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చునేది. "మీరు చూసుకోండి, నాకు వినపడితే చాలు" అంది. ఆ రాత్రి 'గుండమ్మ కథ' పెట్టాం. సినిమా అయ్యేదాకా గోడనే చూస్తూ, మేం నవ్వడానికి అర క్షణం ముందే తను నవ్వేది. సూర్యకాంతం నోరు తెరవకముందే నవ్విందని మా ఆయన అంటారు. అది కాస్త ఎక్కువే అనుకోండి.

మర్నాడు మా చిన్నోడి వంతు. ఆరో తరగతి చదువుతున్నాడు. వాడు 'కల్కి 2898 ఏడీ' పెట్టాడు. రెండు నిమిషాలకోసారి గోడవైపు నుంచి ప్రశ్న: "ఇప్పుడెవరొచ్చార్రా? ఏం పేలిందది? వాడు మంచోడా, చెడ్డోడా?" వాడు పావుగంట వ్యాఖ్యానం చెప్పీ చెప్పీ అలిసిపోయి, "అమ్మమ్మా, నీ కళ్లు బాగయ్యాక చూద్దువుగానిలే" అని చేతులెత్తేశాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక లెక్క మొదలైంది. పాత సినిమా చెవిది, కొత్త సినిమా కంటిది. తర్వాత రెండు నెలల్లో పాతవీ కొత్తవీ కలిపి పదిహేను దాకా చూశాం. ఈ లెక్క చాలాసార్లు నిలబడింది, రెండు మూడు చోట్ల బోర్లా పడింది. రాత్రి భోజనాలయ్యాక రిమోట్ పట్టుకుని అరగంట అటూ ఇటూ తిప్పి, చివరికి ఏమీ చూడకుండా పడుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. ఇందులో స్టార్లు, రేటింగులు ఉండవు. ఎవరితో కూర్చున్నారు, చేతిలో ఏం పనుంది, ఎంతసేపు కదలకుండా కూర్చోగలరు అన్నవే నా లెక్కలు.

పాత సినిమా ఎందుకు చెవికి అందుతుందంటే, ఆ నటుల్లో చాలామంది నాటకాల మీద నుంచి వచ్చినవాళ్లు. ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా మాట అందాలన్న అలవాటు వాళ్ల గొంతులోనే ఉంది. ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో, ఏం మనసులో పెట్టుకుని వచ్చారో మాటల్లోనే తెలిసిపోతుంది. ఇప్పటి సినిమాలో హీరో కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడతాడు, వెనక సంగీతం వస్తుంది. మనం ఆ నిమిషంలో పప్పులో పోపు వేసుకుంటూ ఉంటే అతని బాధేంటో మనకి తెలీదు.

ఇంటినిండా జనం ఉన్నప్పుడు

'గుండమ్మ కథ' 1962 నాటిది, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, డి.వి. నరసరాజు మాటలు. రామారావుకి వందో సినిమా, నాగేశ్వరరావుకి తొంభై తొమ్మిదోది. కథలో పెద్ద మలుపులేమీ లేవు. సవతి కూతుర్ని పనిమనిషిలా చూసే గుండమ్మ ఇంట్లోకి, జమీందారు కొడుకే పనివాడిలా వచ్చి చేరతాడు. అంతా మాటల మీదే నడుస్తుంది. పిండి రుబ్బుతూ రామారావు పాడే పాట ఒక్కటి మాత్రం చూడాల్సిందే. అంత పెద్ద హీరో రోలు ముందు కూర్చుని, ఏ మాత్రం నామోషీ లేకుండా, నిజంగా అలవాటున్నవాడిలా తిప్పుతుంటాడు. మా అమ్మ కూడా ఆ పాటకి మాత్రం దొంగతనంగా కుర్చీ తిప్పింది.

దీని పక్కన పెట్టదగ్గ కొత్తది 2025 సంక్రాంతికి వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం'. వెంకటేశ్ మాజీ పోలీసు, పల్లెలో భార్యాపిల్లలతో సుఖంగా ఉంటాడు, ఒక కిడ్నాప్ కేసు కోసం పాత ప్రియురాలు వెతుక్కుంటూ వస్తుంది, భార్య వదలకుండా వెంట బయల్దేరుతుంది. ఇక్కడే నా లెక్క మొదటిసారి తప్పింది. ఇది కొత్తదే అయినా చెవి సినిమా. మొగుడూ పెళ్లాల గొడవంతా వంటింట్లోంచి వింటూ నవ్వుకోవచ్చు.

అయితే రెంటిలో ఏది? పండక్కి చుట్టాలొచ్చి, పిల్లలు అటూ ఇటూ పరిగెడుతూ, మధ్యలో కాఫీలు, ఫోన్లు ఉంటే 'సంక్రాంతికి వస్తున్నాం' పెట్టండి. పది నిమిషాలు పోయినా నష్టం లేదు, మళ్లీ వచ్చి కూర్చుంటే కథ అక్కడే ఉంటుంది. ఒక్క జాగ్రత్త. అందులో బుల్లిరాజు అనే పిల్లాడి నోరు మంచిది కాదు. ఓటీటీ చూసి బూతులు నేర్చుకున్నాడన్నది అందులో జోకు. మా చిన్నోడు రెండ్రోజులు వాడిలాగే మాట్లాడాడు, మూడోరోజు మా ఆయన చేతిలో ఒకటి తిన్నాక మానేశాడు. ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లే ఉండి, బీరకాయలో చిక్కుడుకాయలో ముందేసుకుని కూర్చుంటే 'గుండమ్మ కథ'కి సాటి లేదు. గయ్యాళి అత్తగారి మీద ఎవరి వ్యాఖ్యానం వాళ్లు చెయ్యొచ్చు. ఆ వ్యాఖ్యానాలే సగం సినిమా.

కాలేజీ పిల్లలతో కూర్చుంటే

మా పెద్దది ఇంటర్ రెండో సంవత్సరం. నలుపు తెలుపు సినిమా అంటే ఫోన్ తీసుకుని లోపలికి పోతుంది. దాన్ని 'మిస్సమ్మ' ముందు కూర్చోబెట్టడానికి నేనొక ఎత్తు వేశాను. ముందు 2016 నాటి 'పెళ్లి చూపులు' పెట్టాను, అది దానికి ఇష్టమే. తర్వాత అన్నాను, "ఇదే కథ అరవై ఏళ్ల కిందటే తీశారు తెలుసా?" అని.

పూర్తిగా అబద్ధం కాదు. 1955 నాటి 'మిస్సమ్మ'లో ఇద్దరు నిరుద్యోగులు. ఒక జమీందారు తన ఊరి బడికి టీచర్లు కావాలంటాడు, భార్యాభర్తలై ఉండాలి, ఇద్దరూ బి.ఎ. చదివి ఉండాలి. ఉద్యోగం కోసం ఇద్దరూ దంపతులమని చెప్పుకుని బయల్దేరతారు. ఆ అమ్మాయి క్రైస్తవురాలు, అతను హిందువు, ఆమెకి తీర్చాల్సిన అప్పుంది, పైగా ముక్కు మీదే కోపం. 'పెళ్లి చూపులు'లో అడ్రసు తప్పి వేరే ఇంటికి పెళ్లి చూపులకి వెళ్లిన అబ్బాయి, తలుపు పట్టేసి ఆ అమ్మాయితో గదిలో ఇరుక్కుంటాడు. ఆ పరిచయంతో ఇద్దరూ కలిసి ఫుడ్ ట్రక్ పెడతారు. రెండు సినిమాల్లోనూ ముందు బతుకుతెరువు, ప్రేమ దాని వెనకాల నడుచుకుంటూ వస్తుంది. రెంటిలోనూ అమ్మాయికే బుర్ర ఎక్కువ, బాధ్యత ఎక్కువ. అబ్బాయికి ఓపిక ఎక్కువ అనాలా, బద్ధకం ఎక్కువ అనాలా అన్నది సినిమాని బట్టి మారుతుంది.

మా పెద్దది 'మిస్సమ్మ' మొదలై ఇరవై నిమిషాలకి, "ఇది కొరియన్ సీరియల్ కథ కదమ్మా, దొంగ పెళ్లి చేసుకోవడం!" అంది. ఆ తర్వాత లేవలేదు. సావిత్రి చిరాకు పడినప్పుడల్లా వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. ఆ పాత్ర మొదట భానుమతిది. ఆవిడ తప్పుకున్నాక, రెండో నాయికగా అనుకున్న సావిత్రికి వచ్చింది. ఆ సంగతి చెబితే పిల్ల నమ్మలేదు, ఆ కోపం ఇంకొకరి ముఖంలో ఊహించలేనంది. నాకైతే భానుమతి ముఖంలో సులభంగానే ఊహకొస్తుంది, అది వేరే సంగతి.

తేడా ఎక్కడంటే, 'పెళ్లి చూపులు'లో మాటలు మనం ఇంట్లో మాట్లాడుకున్నట్టే సగంలో ఆగిపోతాయి, ఒకరి మీద ఒకరు పడతాయి, కొన్ని గొణుగుళ్లలో పోతాయి. చెవి రిక్కించి వినాలి, ముఖం కూడా చూడాలి. పక్క గదిలోంచి వింటే ప్రియదర్శి జోకులు తప్ప మిగతావి అందవు. 'మిస్సమ్మ'లో ప్రతి మాటా గుండ్రంగా, పూర్తిగా వచ్చి ఒళ్లో పడుతుంది. నిడివి చూసుకోండి, కొత్తది రెండు గంటల పైచిలుకు, పాతది మూడు గంటల దాకా. రాత్రి తొమ్మిదిన్నరకి మొదలుపెట్టేట్టయితే కొత్తదే పెట్టండి. 'మిస్సమ్మ' ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టాల్సిన సినిమా. మధ్యలో నాగేశ్వరరావు డిటెక్టివ్ వేషాలు కాస్త సాగుతాయి. అక్కడ ఎవరైనా టీ పెట్టుకోవచ్చు.

భారతం కావాలంటే

దీని గురించి నేను చాలా చెప్పగలను, విసుగొస్తే కింద శీర్షికకి వెళ్లిపోండి.

'మాయాబజార్' 1957 మార్చిలో విడుదలైంది. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలూ పాటలూ, మార్కస్ బార్ట్‌లీ కెమెరా. నిడివి మూడు గంటలు దాటుతుంది. 'కల్కి' 2024 జూన్‌లో వచ్చింది, అదీ మూడు గంటలే. ఇద్దరు దర్శకులూ భారతాన్ని ముట్టుకున్నారు గానీ, ఇద్దరూ అసలు యుద్ధాన్ని వదిలేశారు. ఒకరు యుద్ధానికి ముందున్న పెళ్లి గొడవ పట్టుకుంటే, ఇంకొకరు యుద్ధం ముగిసిన రోజు దగ్గర మొదలుపెట్టి ఎకాఎకిన వేల ఏళ్ల తర్వాతికి వెళ్లిపోయారు.

పిల్లలతో 'మాయాబజార్' చూసేటప్పుడు ఒక పొడుపు కథ వెయ్యండి: "ఈ సినిమాలో పాండవులు ఎన్నిసార్లు కనిపిస్తారో లెక్కపెట్టు" అనండి. మా చిన్నోడు కాగితం పెన్సిలు తెచ్చుకుని కూర్చున్నాడు. ఒక్కసారి కూడా కనిపించరు. కథంతా వాళ్ల చుట్టూ తిరుగుతున్నా ఐదుగురిలో ఒక్కరు కూడా తెర మీదికి రారు. ఆ లెక్క కోసమైనా వాడు మూడు గంటలూ కదల్లేదు. ప్రియదర్శిని పెట్టె వచ్చినప్పుడు మాత్రం ఎగిరి గంతేశాడు. మూత తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్లకి కనిపించే పెట్టె అది, వాడి లెక్కలో ల్యాప్‌టాప్. శశిరేఖకి అందులో అభిమన్యుడు కనిపిస్తాడు, "వీడియో కాల్!" అన్నాడు. (అప్పుడు ప్రియదర్శిని పెట్టె, ఇప్పుడు ఏ మంచి చిన్న సినిమా తెరిచినా ప్రియదర్శి. మా ఇంట్లో చూసిన కొత్తవాటిలో సగానికి పైగా అతనే ఉన్నాడు.)

ఇది చెవి సినిమానే, అసమదీయులు తసమదీయులు అన్న మాటలు ఒకసారి చెవిన పడితే జన్మలో పోవు. పిల్లలకి రెండ్రోజులు ఆటకి సరిపోతాయి. కానీ ఇక్కడ నా లెక్క రెండోసారి తప్పింది. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నప్పటి సావిత్రిని వినడం కాదు, చూడాలి. ఆ నడకలో, ఆ చూపులో, ఎస్.వి. రంగారావు భారీ శరీరం ఆ సన్నటి పిల్లలో దూరిందని నమ్మిస్తుంది. అమ్మకి నల్లద్దాలు తీసేశాక మొదట అడిగిన సినిమా ఇదే, అదీ ఆ ఒక్క ఘట్టం కోసమే.

రంగులదా, నలుపు తెలుపుదా అని చాలామంది అడుగుతారు. 2010లో రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు, నిడివి కూడా కొంత తగ్గించారు. పదేళ్లలోపు పిల్లలుంటే రంగులదే పెట్టండి, మొహమాటం అక్కర్లేదు. వివాహ భోజనం పళ్లేలు రంగుల్లో ఇంకా నోరూరిస్తాయి. పెద్దవాళ్లు మాత్రం నలుపు తెలుపు చూడండి. పడవ పాటలో వెన్నెల బార్ట్‌లీ కెమెరాతో సృష్టించినది, దాని మీద రంగు పూస్తే వెన్నెల కాస్తా బల్బు వెలుతురైపోయింది.

'కల్కి' సంగతికొస్తే, అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా నిలబడిన ప్రతిసారీ టీవీ చిన్నదైపోయినట్టు అనిపించింది. అది థియేటర్‌లో చూడాల్సిన సినిమా. ఇంట్లో చూస్తే మొదటి గంట నెమ్మదిగా నడుస్తుంది, పిల్లలకి బుజ్జి అనే బండి దొరికేదాకా ఓపిక పట్టాలి. ఇంట్లో చూడక తప్పకపోతే లైట్లు ఆపి, ఫోన్లు పక్కన పెట్టి, ఎవరూ లేవకుండా చూడండి. వేరే పని చేసుకుంటూ అయితే అసలు వద్దు.

రెండూ చూసేట్టయితే వరస ముఖ్యం. ముందు 'మాయాబజార్', తర్వాత 'కల్కి'. 'కల్కి' మొదట్లో అశ్వత్థామ ఉత్తర గర్భం మీద అస్త్రం వేస్తాడు. ఉత్తర అభిమన్యుడి భార్య. అప్పటికే అభిమన్యుణ్ణి పడవలో పాట పాడుకుంటుండగా చూసిన పిల్లాడికి ఆ అస్త్రం బరువు తెలుస్తుంది. మావాడికి వెంటనే ఇంకో అనుమానం వచ్చింది, "మరి శశిరేఖ ఏమైంది? ఇద్దరు భార్యలా?" అని. శశిరేఖ వ్యాసుడి భారతంలో లేదు, జనం నోటి కథల్లోంచి, నాటకాల్లోంచి వచ్చింది. ఆ సంగతి చెప్పాక వాడి ముఖం చూడాలి. తన సొంత చెల్లెల్ని ఎవరో లేదన్నట్టు బాధపడ్డాడు.

ఇక్కడే ఇంకో చిన్న సలహా. నలుపు తెలుపుకి అసలు ఒప్పుకోని పిల్లలుంటే ముందు 'మహానటి' (2018) చూపించండి. 'మాయాబజార్' ఘట్టాన్ని కీర్తి సురేశ్‌తో మళ్లీ తీశారందులో. అది చూశాక అసలుదెలా ఉందో చూద్దామని వాళ్లే అడుగుతారు. పెద్దవాళ్లకి మాత్రం వరస తిరగెయ్యండి. సావిత్రి సినిమాలు నాలుగు చూసి, ఆ నవ్వు అలవాటయ్యాక 'మహానటి' చూస్తే రెండో సగం మోయలేనంత బరువుగా ఉంటుంది.

నవ్వుకోవాలంటే

ఇందులో ఎక్కువ ఆలోచించేదేం లేదు. 1987 నాటి 'అహ నా పెళ్ళంట' లేదా 2021 నాటి 'జాతిరత్నాలు'. జంధ్యాల సినిమా పేరే 'మాయాబజార్' పాటలోంచి తీసుకున్నది. పిసినారిగా కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే దృశ్యానికి మా చిన్నోడు కింద పడి దొర్లాడు. కోట 2025 జూలైలో పోయారు. ఆ వారంలో చూసినప్పుడు నవ్వు మధ్యలో గొంతుకేదో అడ్డం పడింది. అందులో అరగుండు పనివాడుగా వచ్చిన బ్రహ్మానందమే 'జాతిరత్నాలు'లో జడ్జిగా కూర్చుంటాడు.

తెలుగు మాటలతో ఆడే ఆటలు, విరుపులు ఇష్టమైతే మొదటిది. తలా తోకా లేని వెర్రి కావాలంటే రెండోది. విదేశాల్లో పెరుగుతున్న పిల్లలతో చూస్తే 'జాతిరత్నాలు'తో మొదలుపెట్టండి. జంధ్యాల హాస్యం సగం భాషలోనే ఉంది, ప్రతి జోకూ మీరు విడమర్చి చెప్పాలి. విడమర్చిన జోకు చల్లారిన అట్టులాంటిది.

తెలంగాణ మాట వినాలంటే

మా ఆయనది కరీంనగర్ వైపు, మా అమ్మ కృష్ణా జిల్లా మనిషి. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో అన్నం తింటున్నా ఒకరి మాట ఒకరికి అప్పుడప్పుడు కొత్తగానే ఉంటుంది. చాలాకాలం మన సినిమాల్లో ఆయన మాట హాస్యగాడికో, విలన్ పక్కనుండే రౌడీకో ఇచ్చేవాళ్లు. ఆ మాటనే కథానాయకుడి నోట పెట్టిన సినిమా చూద్దామని 1980 నాటి 'మా భూమి' పెట్టాం. గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ దర్శకుడి మొదటి కథాచిత్రం, బి. నర్సింగరావు నిర్మాణం. కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా, దొరల కింద నలిగి తిరగబడ్డ రైతుల కథ. 'బండెనక బండి కట్టి' పాట గద్దర్ గొంతులో మొదలవగానే మా ఆయన సోఫాలోంచి లేచి నిలబడ్డారు, ఎందుకు నిలబడ్డారో ఆయనకే తెలీదు.

రెండోది 2023 నాటి 'బలగం'. వేణు యెల్దండి దర్శకత్వం. తాత కొమురయ్య చనిపోతాడు. మనవడికి ఆ చావు కన్నా తన అప్పులూ, ఆగిపోయే పెళ్లీ ఎక్కువ టెన్షన్. పిండం పెడితే కాకి ముట్టదు. ఇరవై ఏళ్ల కిందట భోజనాల దగ్గర నల్లి బొక్క (మూలుగున్న ఎముక) కోసం వచ్చిన మాటా మాటా ఇంటి ఆడపడుచుని పుట్టింటికి దూరం చేసింది. ఒక బొక్క ముక్కకి ఇరవై ఏళ్లు మాటల్లేకుండా ఉంటారా అని మా పెద్దది అడిగింది. అమ్మా నేనూ ముఖాలు చూసుకున్నాం. మా ఇంట్లో అయితే అది బొక్క కాదు, పెళ్లిలో పెట్టని ఒక చీర.

ఇక్కడ నా లెక్క మూడోసారి, పూర్తిగా బోర్లా పడింది. 'బలగం' పెట్టినప్పుడు అమ్మ వంటింట్లో ఉంది. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతుల బుర్రకథ మొదలైంది. నేను చూస్తుండగానే అమ్మ చేతులకి పిండితోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. కొన్ని మాటలు తనకి తెలీవు, "పిట్టకు పెట్టుడు" అంటే కాకికి పిండం పెట్టడమని మా ఆయన చెప్పారు. ఏడవడానికి మాత్రం ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది. ఈ సినిమాని పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి అందరూ కలిసి చూశారంటే వింతేం లేదు.

ఏది పెట్టాలి? ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయి ఉంటే 'బలగం' ఇప్పుడే వద్దు, ఏడాది మాసికం దాటనివ్వండి. అన్నదమ్ముల మధ్య మాటల్లేకపోతే మాత్రం ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి అదే పెట్టండి. 'మా భూమి' ఒంటరిగానో, చరిత్ర మీద ఆసక్తి ఉన్న ఒకరిద్దరితోనో చూడాల్సినది. అది నెమ్మదిగా నడుస్తుంది, ప్రింటు కూడా అంత బాగుండదు. గుంపులో పెడితే ఇరవై నిమిషాలకి సగంమంది లేచిపోతారు, తప్పు సినిమాది కాదు.

అదే 1980లో ఒకటిన్నర నెల ముందు, ఫిబ్రవరి 2న 'శంకరాభరణం' వచ్చింది. ఒకే ఏడాదిలో రెండు తెలుగు నేలలు తమ పాట తాము పాడుకున్నట్టు అనిపిస్తుంది నాకు. దీనికి పోటీ పెట్టే కొత్తదేదీ నాకు దొరకలేదు, అందుకే పోల్చడం లేదు. ఒంట్లో బాగోక దుప్పటి కప్పుకుని పడుకున్న రోజుకి దాచుకోండి. కళ్లు మూసుకున్నా నష్టం లేదు. రాత్రిపూట ఇంటి ముందు పాప్ సంగీతం వాయిస్తూ వెక్కిరించడానికి వచ్చిన కుర్రాళ్లకి శంకరశాస్త్రి ఆ స్వరాలే తిరిగి పాడి వినిపించే చోట మాత్రం కళ్లు తెరవండి. కుర్రాళ్ల ముఖాలు చూడాలి.

మళ్లీ విడుదలైన పాతవాటికి థియేటర్‌కి వెళ్లాలా?

'శివ' 1989 నాటిది, 2025 నవంబరులో 4కె బొమ్మతో, కొత్తగా చేసిన శబ్దంతో మళ్లీ వచ్చింది. మేమిద్దరం మొదటి రోజు వెళ్లాం. కాలేజీ రోజుల్లో చూసిన సినిమా, నాకు మాటలన్నీ నోటికొచ్చు. కాబట్టి సైకిల్ చైన్ లాగిన చోట హాలంతా అరుపులతో, ఫోన్ లైట్లతో ఊగిపోతే నాకూ సరదాగానే ఉంది. మా వెనక వరసలో మొదటిసారి చూస్తున్న ఇద్దరు పిల్లలు పాపం. రఘువరన్ గొంతు పెంచకుండానే భయపెడతాడు, ఆ నెమ్మది గొంతు వాళ్లకి ఒక్క ముక్క వినపడలేదు. ఇంత ఖర్చు పెట్టి శబ్దం బాగు చేస్తే, విననిచ్చేవాళ్లేరీ?

కాబట్టి మీరు ఐదోసారి చూస్తుంటే మొదటి రోజు సాయంత్రం ఆటకి వెళ్లండి, అది జాతర. మొదటిసారి చూస్తుంటే రెండు రోజులాగి పనిరోజున మధ్యాహ్నం ఆటకి వెళ్లండి. మరీ ఆలస్యం చెయ్యకండి, ఇవి వారం కూడా నిలవవు చాలా ఊళ్లలో. పిల్లలతో అయితే 'బాహుబలి: ది ఎపిక్' లాంటివి ఆలోచించుకుని వెళ్లండి. రెండు భాగాలూ కలిపి మూడు గంటల నలభై అయిదు నిమిషాల దాకా ఉంది. మా ఊరి హాల్లో విరామంలో బాత్రూమ్ దగ్గర వరస చూసి, మిగతాది మాకు తెలిసిన కథే కదా అని మా చిన్నోడే అన్నాడు.

పిల్లల చదువు, వయసు గొడవలు

మూడు కొత్త సినిమాల గురించి క్లుప్తంగా. లెక్కలంటే భయపడే పిల్లలుంటే '35 చిన్న కథ కాదు' (2024). సున్నాకి విలువ లేనప్పుడు ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందని అడిగే తిరుపతి పిల్లాడి కథ, పిల్లలూ పెద్దలూ కలిసి చూడొచ్చు. ఎంసెట్ గొడవలో ఉన్నవాళ్లకి 'లిటిల్ హార్ట్స్' (2025), హాయిగా నవ్వుకుని మర్చిపోయే సినిమా, ఫోన్ చూస్తూ చూసినా ఫరవాలేదు. 'కోర్ట్' (2025) మాత్రం అలా కాదు. పంతొమ్మిదేళ్ల అబ్బాయి, పదిహేడేళ్ల అమ్మాయి, పరువు కోసం పోక్సో కేసు పెట్టించే మంగపతి. శివాజీ ఆ పాత్రలో ఉన్నంతసేపూ మా పెద్దది నా చెయ్యి వదల్లేదు. ఎదిగిన ఆడపిల్ల, మగపిల్లాడు ఉన్న తల్లిదండ్రులు ముందు తాము చూసి, తర్వాత పిల్లలతో చూస్తే మేలు. ప్రశ్నలు వస్తాయి, జవాబులు సిద్ధంగా ఉండాలి.

సర్టిఫికెట్ కూడా ఓసారి చూసుకోండి. ఇప్పుడు యూఏలోనే ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని విడివిడిగా ఇస్తున్నారు. పాత ఒట్టి యూఏ కన్నా ఇది చాలా నయం.

టీవీ సంగతి

పాత సినిమా పెట్టి, అందరూ లావుగా ఉన్నారేంటి అనుకుంటే తప్పు సావిత్రిది కాదు, టీవీది. 1974లో 'అల్లూరి సీతారామరాజు' మన మొదటి సినిమాస్కోప్. అంతకుముందువన్నీ వెడల్పు తక్కువ తెరకి తీసినవే. సెట్టింగుల్లో పిక్చర్ సైజ్ 4:3 పెట్టండి, రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి. వస్తేనే ముఖాలు సరిగ్గా ఉన్నట్టు. యూట్యూబ్‌లో చూసేట్టయితే ముందు నిడివి చూడండి. 'మాయాబజార్' రెండున్నర గంటలే ఉందంటే ఎవరో పాటలకి కత్తెర వేశారని అర్థం. కొత్తవాటికి గొడవ వేరే, మాటలు వినపడవు, ఫైట్ రాగానే చెవులు పగుల్తాయి. సౌండ్ సెట్టింగుల్లో మాటలు పెంచే మోడ్ ఏదో ఒకటి దాదాపు అన్ని టీవీల్లో ఉంటుంది. అదీ చాలకపోతే సబ్‌టైటిల్స్ పెట్టుకోవడానికి సిగ్గుపడకండి, తెలుగు సినిమాకైనా సరే.

ఈ ఆదివారానికి చిన్నోడు మళ్లీ 'కల్కి' అంటున్నాడు, పెద్దది 'లిటిల్ హార్ట్స్' అంటోంది. అమ్మ ఏమీ అనలేదు. పొద్దున్నే సంతకి వెళ్లి రెండు కిలోల చింతపండు తెచ్చుకుంది. మధ్యాహ్నం టీవీ ముందు చాప వేసుకుని గింజలు తీస్తుందట. అంటే 'గుండమ్మ కథే'.